ఎర్ర పిడికి బంతిపూల దండ

మహర్నవమి నాడు పొద్దున్నే బుచ్చిబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. తలంటు పోసుకోవాలి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కోవాలి. టీవీ వాళ్ళు వచ్చేసరికి ముందుగదిలో కుర్చీలో కూర్చుని, ఏమీ పట్టనివాడిలా పేపరు చదువుతూ ఉండాలి. వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పి, సాగనంపి, ఆ తర్వాత గారెలు తినాలి. ఈ పథకంలో ఫైరింజన్ ఎక్కడా లేదు.

చిక్కడపల్లి దాటి అశోక్‌నగర్ వైపు వెళ్ళే ఓ సందులో, పాత అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో ఆయన ఇల్లు. విమానాల కంపెనీలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఆ మాట చెప్పగానే వినేవాళ్ళు "ఇంజన్లాండీ?" అని అడిగేవారు. కాదు. రెక్కలా? అవీ కాదు. సీట్లు, బెల్టులు, అన్నిటికన్నా ముఖ్యంగా జారుడుబల్లలు. విమానానికి ప్రమాదం వస్తే తలుపు దగ్గర మడతపెట్టి ఉన్న రబ్బరు మూట బుస్సున పొంగి నేలకి వాలుతుంది, జనం దానిమీద కూర్చుని కిందికి జారిపోతారు. ఆ మూట మడిచేవాడు బుచ్చిబాబు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన మడిచిన మూట ఒక్కటి కూడా విప్పాల్సిన అవసరం రాలేదు. దేవుడి దయ అని లెంపలు వేసుకునేవాడు. వేసుకున్నాక కాస్త దిగులు కూడా పడేవాడు. రోజూ వంట చేసి, ఎవరూ తినకుండానే గిన్నె కడుక్కున్నట్టుండేది ఆయనకి.

బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాదుకి తరలిపోయాక, పాత విమానాశ్రయంలో ఓ మూల ఒక ముసలి జెట్టు మిగిలిపోయింది. ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ, పావురాలకి పిల్లలు పెట్టుకునే చోటిస్తూ ఉండేది. దాన్ని తుక్కు కింద కోసేస్తారని తెలిసి రిటైరైనవాళ్ళు కొందరు పోగయ్యారు. పైలట్లు, ఇంజనీర్లు, మెకానిక్కులు, ప్రతి ఆదివారం టిఫిన్ డబ్బాలతో వచ్చి తుప్పు గీకేవారు, రంగులేసేవారు, పావురాలతో గొడవపడేవారు. పైసా జీతం లేదు, పెన్షన్ డబ్బులే ఎదురు పెట్టుకోవాలి. అయినా ఉద్యోగంలో ఉన్నప్పటికన్నా శ్రద్ధగా పనిచేశారు.

ఈ సంగతి ఓ టీవీ చానల్‌కి తెలిసి డాక్యుమెంటరీ తీయడానికి నవనీత అనే అమ్మాయిని పంపించింది. అప్పట్నుంచీ బుచ్చిబాబుకి నిద్ర పట్టడం మానేసింది. కారణం కెప్టెన్ సుందరరావు. కెమెరా కనపడితే చాలు, సుందరరావుకి వార్తలు చదివేవాళ్ళ గొంతు వచ్చేసేది. తను పిడుగుల మధ్య విమానం దింపిన కథ ఆయన నాలుగు రకాలుగా చెప్పాడు, నాలుగూ నవనీత రికార్డు చేసుకుంది. బుచ్చిబాబు మాత్రం ఆ నెలలన్నిటిలోనూ ఒక్కసారే కెమెరాలో పడ్డాడు, అది కూడా సుందరరావుకి మంచినీళ్ళు అందిస్తూ.

ఆఖరికి సిగ్గు విడిచి ఆయనే నవనీత దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, ఈ విమానం తాలూకు అసలు జారుడుబల్ల నేను బాగుచేస్తున్నాను. దాని గురించి కూడా రెండు ముక్కలు..."

"అంకుల్, ముక్కలు శానా అయినయ్. నాకు బొమ్మ గావాలె," అంది నవనీత. "మీ స్లైడ్ నిజంగ ఓపెన్ అయితదా చెప్పున్రి. అయితే సినిమా ఆఖరి సీన్ మీదే. కాలేదనుకో, కెప్టెన్ సార్ ముచ్చట్లతోనే ఖతం జేస్త."

పక్కనే ఉన్న సుందరరావు గట్టిగా నవ్వాడు. "ఆ రబ్బరు నాకన్నా ముసలిదమ్మా. గాలి కొడితే ఓ తుమ్ము తుమ్ముతుంది. అంతే!"

ఆ తుమ్ము మాట బుచ్చిబాబు గుండెలో గుచ్చుకుంది. మూటని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ముందుగది నిండా పరిచి, దీపం పెట్టి వెతికినట్టు చిల్లులు వెతికి, ఒక్కొక్కదానికీ అతుకు వేశాడు. నారాయణగూడలో సైకిలు పంక్చర్లు వేసే లక్ష్మయ్య దగ్గర కూర్చుని ఏ జిగురు దేనికి పడుతుందో వాదించాడు. మళ్ళీ మొదట్నుంచీ మడిచాడు. ఇక గాలి సిలిండరు. దాన్ని కవాడిగూడ తీసుకెళ్ళి, మంటలార్పే సిలిండర్లు నింపేచోట నింపించాడు. ఈ చివరి ముక్క ఇంట్లో చెప్పలేదు. భార్య వేదవతి అడిగితే, "ఖాళీదే వేదా, ఉత్త డొక్కు," అన్నాడు.

విజయదశమి నాడు బేగంపేటలో అందరి ముందూ, ముఖ్యంగా సుందరరావు ముందు, విమానం తలుపు దగ్గర దాన్ని విప్పాలి. ఒక్కసారే. ఆ ముసలి రబ్బరుకి రెండోసారి ఊపిరి పట్టే ఓపిక లేదని దాన్ని మడిచిన చేతులకి తెలుసు. ముందురోజు, అంటే ఈ నవమి నాడు, నవనీత ఇంటికొచ్చి మూటనీ అతుకులనీ ఆయన మాటల్నీ కెమెరాతో తీసుకుంటుంది. అందుకని మూట విమానం తలుపుకి ఎలా తగులుకుని ఉంటుందో చూపించడానికి, బాల్కనీ గుమ్మం గడపకి రెండు ఇనప కొక్కేలు బిగించి, మూట అడుగున ఉండే కమ్మీని వాటిలో దూర్చి పెట్టాడు. మూట పక్కన ఎర్ర పిడి. దాన్ని లాగితే గాలి వస్తుంది. లాగినా రాకుండా పిడికి అడ్డంగా ఓ పిన్ను, పిన్ను ఉన్నట్టు దూరంనుంచి కనపడడానికి దానికో ఎర్ర గుడ్డ పీలిక.

ఆ బాల్కనీకి అప్పట్లో కటకటాలు లేవు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ అధ్యక్షుడు కాశీవిశ్వనాథం, పై అంతస్తు ఆయన, అన్ని బాల్కనీల కటకటాలూ ఒకే రంగులో ఉండాలని వాటన్నిటినీ ఒకేసారి ఊడదీయించి వెల్డింగు షాపుకి పంపాడు. షాపువాడు వినాయక చవితి నుంచీ రేపు అంటున్నాడు. ఈలోగా ప్రతి బాల్కనీకీ ఓ కొబ్బరితాడు కట్టుకున్నారు. ఈ కాశీవిశ్వనాథానికే, బుచ్చిబాబు ఇంట్లో పేరుకుంటున్న విమానం సామాను చూస్తే ఒళ్ళు మంట. "పండగ వెళ్ళేలోగా ఈ చెత్త తీసేయకపోతే నేనే తీయిస్తాను," అని మెట్లమీద అందరి ముందూ అనేశాడు.

ఇంత సరంజామా సిద్ధంగా ఉండగా వేదవతి ఆయుధపూజ మొదలుపెట్టింది.

ఆవిడ పూజ అంటే పూజే. కత్తిపీట కడిగి బొట్టు పెట్టింది. మిక్సీకి బొట్టు పెట్టింది. కుట్టుమిషనుకి, ఇస్త్రీపెట్టెకి, బుచ్చిబాబు స్కూటరుకి బొట్లు పెట్టి దండలు వేసింది. తర్వాత బాల్కనీ గుమ్మం దగ్గరికి వచ్చి మూటని చూసింది. నెలల తరబడి ఆ మూటని తిట్టిన మనిషే, పండగపూట ఆయన ఆయుధాన్ని బోసిగా వదిలేయలేకపోయింది. గడపకి పసుపు రాసింది. మూటకి కుంకుమ పెట్టింది. దండ వేయడానికి అనువైన చోటు కోసం చూస్తే ఎర్ర పిడి కనిపించింది. దానికి వేలాడుతూ జిడ్డోడుతున్న ఎర్ర గుడ్డ పీలిక.

"పూజలో ఈ మురికి పీలికేమిటి, శుభమా అని!" అనుకుంది. లాగింది. పీలికతోపాటు ఏదో ఇనప పుల్ల కూడా వచ్చింది. రెండింటినీ సబ్బునీళ్ళలో జాడించి, బాల్కనీ తీగమీద క్లిప్పు పెట్టి ఆరేసింది. పిడి చుట్టూ బంతిపూల దండ తిప్పి, జారిపోకుండా మూడు ముళ్ళు వేసి, హారతిచ్చింది. బుచ్చిబాబు అప్పుడు స్నానాల గదిలో, కెమెరాకి చెప్పబోయే మొదటి వాక్యాన్ని అద్దానికి చెబుతున్నాడు.

నవనీత వచ్చింది. వెంట కెమెరామన్ ఈరన్న. వేదవతి ఇద్దరికీ పులిహోర పెట్టింది. నవనీత పూజ చూసి మురిసిపోయింది. "ఆంటీ, మస్తుంది! విమానానికి ఆయుధపూజ! ఈరన్నా, నువ్వు జర కిందికి పోయి పండగ షాట్లు తీస్కరాపో. పూలు, జనం, అంతా. నేను అంకుల్‌తోని మాట్లాడ్త."

అపార్ట్‌మెంటు కింద, సరిగ్గా ఆ బాల్కనీకి ఎదురుగా, దుర్గమ్మ బంతిపూలు రాశి పోసి అమ్ముతోంది. ఈరన్న వెళ్ళి ఆ రాశి ముందు గొంతుక్కూర్చున్నాడు.

పైన బుచ్చిబాబు కుర్చీలో సర్దుకుని, అద్దానికి చెప్పిన వాక్యాన్ని నవనీతకి అప్పజెప్పడం మొదలుపెట్టాడు. "భద్రత అనేది కనపడని సేవ..." ఇంకా క్రియాపదం రాలేదు, తలుపు దగ్గర కాశీవిశ్వనాథం కనిపించాడు. చెత్త తీయమని చెప్పడానికే వచ్చాడు. కానీ గుమ్మంలో పసుపు, కుంకుమ, వెలుగుతున్న హారతి కనపడేసరికి ఆయన కోపం గోడకి చేరగిలబడింది. ఎంతైనా భక్తుడు. చెప్పులు విప్పేశాడు.

"పూజయిందామ్మా? సంతోషం. పండగపూట గొడవెందుకు, అమ్మవారి పువ్వు ఒకటి తీసుకుని, తర్వాత మాట్లాడతాను," అంటూ నేరుగా మూట దగ్గరికి నడిచాడు. దండ అవతలివైపు తిరిగి ఉండడంతో ఒక కాలు గడప దాటించి వంగాడు.

సరిగ్గా అప్పుడే బుచ్చిబాబు కళ్ళు బాల్కనీ తీగమీదికి పోయాయి. రెండు చేతిరుమాళ్ళ మధ్య శుభ్రంగా ఉతికిన ఎర్ర పీలిక ఒకటి గాలికి ఊగుతోంది. దాని చివర ఓ పిన్ను ఎండకి మెరుస్తోంది. ఆ పిన్ను ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాడు ఆయన. ఎక్కడ చూశాడో గుర్తొచ్చేసరికి కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు.

కాశీవిశ్వనాథం పువ్వు తుంచాడు. రాలేదు. వేదవతి వేసిన ముళ్ళు మామూలు ముళ్ళా! "గట్టిగా కట్టావమ్మా," అని మెచ్చుకుంటూ మరి కాస్త లాగాడు.

"కాశీ గారూ! వద్దు! వదిలేయండి!"

"పువ్వేగా బుచ్చిబాబు గారూ, అంత పిసినారితనమైతే ఎలా?" అని ఆయన చురక వేసి, రెండు చేతులతో లాగాడు. దండ, దాంతోపాటు ఎర్ర పిడి, ఊడి చేతిలోకి వచ్చాయి.

ముందు ఓ టప్పుమన్న చప్పుడు. తర్వాత వంద ప్రెషర్ కుక్కర్లు ఒకేసారి కూతపెట్టినట్టు ఓ బుస. మూట బద్దలై, పసుపుపచ్చని రబ్బరు కట్ట బాల్కనీలోకి దొర్లి, కొబ్బరితాడుని పుటుక్కున తెంపి, సందులోకి దూకి, గాలిలోనే లావెక్కుతూ నేలకి వాలింది. ముందుగది నిండా చల్లటి తెల్లపొగ కమ్మేసింది. ఒక కాలు గడప అవతల పెట్టి నిలబడ్డ కాశీవిశ్వనాథం కింద నేల మెత్తగా పొంగింది. ఆయన కూర్చోవడం కూర్చోవడం జారుడుబల్లమీదే కూర్చున్నాడు. దండ చేత్తో పట్టుకుని, "అమ్మా భవానీ!" అని కేక వేస్తూ బాల్కనీలోంచి మాయమయ్యాడు. కింద దుర్గమ్మ పూలరాశిలో నడుముదాకా దిగబడ్డాడు.

"ఏంది సారూ గిది! కండ్లు గనిపిస్తలేవా?" అంది దుర్గమ్మ. "పూలు గావాలంటే అడగాలె గాని మీద బడ్తరా?"

పైన పొగలో వేదవతి గొంతు ఒక్కటే వినిపించింది. "ఖాళీది అన్నారు కదండీ!"

ఆ పొగ బాల్కనీలోంచి బయటికి, తలుపులోంచి మెట్లమీదికి పాకింది. పై అంతస్తువాళ్ళు తొంగిచూశారు. "నిప్పు! నిప్పంటుకుంది!" అని ఎవరో అరిచారు. జనం మెట్లు దిగి వస్తుంటే, బుచ్చిబాబు తలుపు దగ్గరికి పరుగెత్తి, వాళ్ళ భయం పోగొడదామని తన శక్తికొద్దీ అరిచాడు. "నిప్పు కాదండీ! ఉత్త గ్యాసు! గ్యాసు ఒక్కటే!"

ఆ మాటతో మిగిలిన ధైర్యం కూడా పోయింది. కిందికి దిగే మెట్లు తెల్లగా కనపడకుండా ఉన్నాయి. ఎదురుగా బుచ్చిబాబు ఇంటి తలుపు తెరిచి ఉంది, అవతల బాల్కనీలో వెలుతురు ఉంది. అందరూ లోపలికి తోసుకొచ్చారు. సందుకి ఆవలివైపు హాస్టల్లో గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే కుర్రాళ్ళు పుస్తకాలు పడేసి కిందికి పరుగెత్తారు. వాళ్ళలో శ్రీనాథ్ అనే పొడుగాటి కుర్రాడు జారుడుబల్ల కొసన నిలబడి చేతులు చాచాడు. "రాన్రి అంకుల్! కూసొని జారున్రి! ఏం గాదు, మేం పట్టుకుంటం!"

బుచ్చిబాబు గడప దగ్గర చేతులు అడ్డం పెట్టాడు. ఆపాలనే పెట్టాడు. రేపటి విమానం, ఆఖరి సీను, సుందరరావు ముఖం, అన్నీ ఆ సందులో నేలపాలయ్యాయని ఏడుపు తన్నుకొస్తోంది. కానీ ఆ ఏడుపు మధ్యలోనే ఆయన జారుడుబల్ల వైపు చూశాడు. అది తుమ్మలేదు. నిండుగా, బిగువుగా, కొలత పెట్టినట్టు నేలకి వాలి ఉంది. ఒక్క అతుకు లేవలేదు. తను వేసిన అతుకులు! ఆయన ఒంట్లో ముప్పై ఏళ్ళుగా నిద్రపోతున్న మనిషెవరో లేచి కూర్చున్నాడు.

"ఒక్కొక్కరూ!" అని గర్జించాడు. "తోసుకోవద్దు! తలపిన్నులు తీసేయండమ్మా! చేతులు ముందుకి! చెప్పులు విప్పండి!"

చెప్పులు విప్పించడం విమానంలో అన్నిటికన్నా కష్టమైన పని. ప్రాణం పోతున్నా కొత్త బూట్లు వదలరు జనం. ఇక్కడ ఆ బాధ లేకపోయింది. పూజ జరిగిన ఇల్లు కదా, మంటల్లోంచి పారిపోతున్నవాళ్ళు కూడా గుమ్మం బయట చెప్పులు వరసగా విడిచి మరీ వచ్చారు.

ఒకరి వెనక ఒకరు జారారు. కాశీవిశ్వనాథం అత్తగారు మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా కిందికి దిగని మనిషి. ఆవిడని బుచ్చిబాబే పొదివి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆవిడ "రామ రామ" అంటూ జారి, శ్రీనాథ్ చేతుల్లో ఆగి, ఓ క్షణం ఊపిరి పీల్చుకుని, "అబ్బాయ్, నన్ను మళ్ళీ పైకి తీసుకెళ్ళు," అంది.

"పెద్దమ్మా, పైన అగ్గంట!"

"ఉండనీరా. ఇంకొక్కసారి!"

ఆ తర్వాత కథ అదుపు తప్పింది. పొగ పలచబడింది, నిప్పు లేదని అందరికీ తెలిసిపోయింది, అయినా ఎవరూ ఆగలేదు. హాస్టలు కుర్రాళ్ళు రక్షించడానికని మెట్లెక్కి పైకొస్తున్నారు, జారి దిగుతున్నారు, మళ్ళీ రక్షించడానికి వస్తున్నారు. సందు చివరిదాకా వరస కట్టింది. నవనీత కూడా రెండుసార్లు జారింది, రెండోసారి దిగాక గుర్తొచ్చి తల పట్టుకుంది. "అయ్యో, ఈరన్న ఏడి? కెమెరా ఏడి?"

అప్పుడే ఫైరింజన్ గంట వినిపించింది.

వేదవతి బాల్కనీలోంచి లోపలికి పరుగెత్తుకొచ్చింది. మొగుడు చేసిన ఘనకార్యానికి జైలు తప్పదని నిశ్చయించుకుంది. ఆయన రెక్క పట్టుకుని లాక్కెళ్ళి స్నానాల గదిలోకి తోసి బయట గడియ పెట్టింది. "నోరెత్తకండి. ఎవరైనా అడిగితే మీరు ఊళ్ళో లేరంటాను."

బుచ్చిబాబు బక్కెట్టు బోర్లించి ఎక్కి, చిన్న కిటికీకి చెవి ఆనించాడు. కింద ఫైర్ ఆఫీసర్ రామచంద్రం గొంతు ఉరుముతోంది. "మంట లేదు, పొగ లేదు! ఎవరు ఫోన్ జేసిన్రు? ఈ రబ్బరు ఎవరిది? అసలు ఈ బాల్కనీలకు కటకటాలు ఏవి? పిల్లలు పడితే ఎవరు జవాబు? ఎవరు తీయించిన్రు ఇవి?"

సందంతా కాశీవిశ్వనాథం వైపు చూసింది. పూలరాశిలోంచి అప్పుడే లేచిన ఆ పెద్దమనిషి జేబులోంచి, చెవి వెనకనుంచి బంతిరేకలు రాలుతున్నాయి. బుచ్చిబాబు పేరు చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. తెరిచాక అర్థమైంది. రబ్బరు బుచ్చిబాబుది కావచ్చు, కటకటాలు మాత్రం తనే తీయించాడు. నోరు అలాగే తెరిచి కాసేపు ఆలోచించాడు.

"డ్రిల్లు సార్," అన్నాడు.

"ఏంది?"

"అగ్నిప్రమాదం వస్తే ఎలా దిగాలో మా అసోసియేషన్ తరఫున నేర్పిస్తున్నాం. అందుకే కటకటాలు తీయించాను. పండగపూట అయితే అందరూ ఇళ్ళల్లో ఉంటారని ఇవాళ పెట్టాం. చూశారుగా, మా అత్తగారు కూడా దిగారు."

"మూడుసార్లు," అంది అత్తగారు.

రామచంద్రం కోపం కరిగి నీరైపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో జనం తమంతట తాము డ్రిల్లు చేసుకోవడం ఆయన చూడలేదట. కాశీవిశ్వనాథం చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "సారూ, మీలాంటోళ్ళు గల్లీకి ఒక్కరుంటే మాకు పనే ఉండదు." ఆయన మనుషుల్లో ఇద్దరు, పరీక్షించడానికని చెప్పి, పైకెళ్ళి జారి వచ్చారు. ఇక కాశీవిశ్వనాథం ఆగలేదు. ఈ స్లైడ్ వెనక ఎంత శ్రమ ఉందో, ఎన్ని అతుకులు ఉన్నాయో, తను ఎంత ముందుచూపుతో ఆలోచించాడో ఉపన్యాసం ఎత్తుకున్నాడు. కిటికీ దగ్గర బుచ్చిబాబు బక్కెట్టుమీద నిలబడి కుతకుత ఉడికిపోయాడు. తలుపు బాదాడు. వేదవతి ఇంకో గడియ కూడా పెట్టింది.

ఈలోగా జారుడుబల్ల నెమ్మదిగా నిట్టూర్చి మెత్తబడడం మొదలుపెట్టింది. దాని కొస పడ్డది దుర్గమ్మ గంపమీద. దండలు గుచ్చే సూది నిటారుగా ఉందట అందులో. జనం పక్కకి తప్పుకున్నారు, రబ్బరు పూర్తిగా నేలకి అణిగింది. అణిగాక, దానికీ పూలరాశికీ మధ్యనుంచి ఈరన్న బయటికి పాకాడు. నెత్తిన పూలు, చేతిలో కెమెరా, ముఖం నిండా నవ్వు.

"ఈరన్నా! ఏమన్న వచ్చిందా?" అంది నవనీత, సగం ప్రాణంతో.

"అంతా వచ్చిందక్కా. మొదటి నుంచి. నేను కింద ఇరుక్కున్న గని కెమెరా మూతి బయటికే ఉండె. బంద్ జేద్దామంటే చెయ్యి కదల్తలేదు, అట్లనే నడిపించిన."

సాయంత్రం సందు ఖాళీ అయ్యాక బుచ్చిబాబు కిందికి దిగి రబ్బరుని దగ్గరికి తీసుకున్నాడు. అతుకులన్నీ ఒక్కొక్కటే వేలితో తడిమాడు. అన్నీ ఉన్నాయి. సూది చిల్లు ఒక్కటే కొత్తది. అక్కడే నేలమీద కూర్చుని చాలాసేపు నవ్వాడు, మధ్యలో కాస్త ఏడ్చాడు. మర్నాడు బేగంపేటలో నవనీత ఆయన్ని కూర్చోబెట్టి తీరుబడిగా మాట్లాడించింది. "భద్రత అనేది కనపడని సేవ" అనే వాక్యం ఎట్టకేలకు క్రియాపదం దాకా వెళ్ళింది.

సంక్రాంతి వెళ్ళాక డాక్యుమెంటరీ వేశారు. అపార్ట్‌మెంటు మొత్తం బుచ్చిబాబు ముందుగదిలో కూర్చుంది. అత్తగారు అందరికన్నా ముందు. నవనీత ముందే ఫోన్ చేసి బావురుమంది. "అంకుల్, నేను మస్తు కొట్లాడిన. పైవాళ్ళు మీ మాటలు కోసేసిన్రు. అరగంటే ఇచ్చిన్రు."

సుందరరావు పిడుగులు వచ్చాయి, వెళ్ళాయి. తుప్పు గీకడం వచ్చింది. పావురాలు వచ్చాయి. ఆ తర్వాత ఒక బంతిపూల రాశి, దాని మీదుగా ఆకాశంలోంచి విచ్చుకుంటూ దిగిన జారుడుబల్ల. దండ పట్టుకుని కాశీవిశ్వనాథం, ఆ వెనక సందు సందంతా జారుతోంది. పైన తెల్లపొగలో ఎవరిదో ఒక చెయ్యి, ఒక్కొక్కరినీ భుజం పట్టి కూర్చోబెడుతూ కనపడుతోంది. మనిషి కనపడడు. గొంతు మాత్రం ఖంగుమంటోంది. చెప్పులు విప్పండి! చేతులు ముందుకి! చివర్న కాశీవిశ్వనాథం ఉపన్యాసం, కింద ఆయన పేరు పెద్దక్షరాలతో. అయిపోయింది.

కాశీవిశ్వనాథం తలొంచుకుని చాప అంచు పీకుతున్నాడు. వేదవతి కళ్ళు తుడుచుకుని, "ఒక్కసారైనా మీ ముఖం చూపించలేదేమండీ," అంది.

అప్పుడు ఫోన్ మోగింది. సుందరరావు. మామూలు గొంతే, వార్తలు చదివేది కాదు. "బుచ్చిబాబూ, ఆ చెయ్యి నీదేగా? పోల్చుకున్నాను. తుమ్ముతుందన్నాను, మన్నించు. ఎంతమంది దిగారయ్యా?"

"లెక్క తప్పిపోయాను సార్," అన్నాడు బుచ్చిబాబు. "ఒక్కరి ఒంటిమీదా గీత పడలేదు."

ఫోన్ పెట్టేసి ఆయన తన కుడిచేతిని ఓసారి తిప్పి చూసుకున్నాడు. ముఖం లేకపోతే పోయింది, ఆయన మడిచిన మూట విప్పుకోవడం రాష్ట్రం మొత్తం చూసింది. అంత సంతోషం మనిషి తట్టుకోగలడా అన్నట్టుండి, లేచి అందరికీ కాఫీ కలపడానికి తనే వంటింట్లోకి వెళ్ళాడు. వెనకే కాశీవిశ్వనాథం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "బుచ్చిబాబు గారూ, నాకు సిగ్గుగా ఉంది. వచ్చే ఆదివారం నేను కూడా బేగంపేట రావచ్చా? ఏ పని చెప్పినా చేస్తాను."

అప్పట్నుంచి ఆయన ఒక్క ఆదివారం కూడా మానలేదు. తుప్పు బాగా గీకుతాడని సుందరరావు కూడా ఒప్పుకున్నాడు, కాకపోతే విమానానికి పూలదండ వేసిన రోజున మాత్రం ఆయన్ని గేటు దగ్గరే కూర్చోబెడుతున్నారు.